అయిదో నంబరు ఖాళీ

స్టూడియో వెనక గది,
సోమవారం

పిన్నీ,

ఉద్యోగం దొరికింది. అప్పుడే గంతులెయ్యకు, ఇంకా నేర్చుకునే దశే. బస్టాండు ఎదురు సందులో ఫొటో స్టూడియో. ముందు గదిలో మాస్టారు ఫొటోలు తీస్తారు, వెనక గదిలో నేను కంప్యూటర్ ముందు కూర్చుని మనుషుల్ని కత్తిరిస్తాను. భయపడకు. ఫొటోలో మనిషి చుట్టూ మౌసుతో గీత గీసి, వెనకున్నదంతా తీసేసి, కావలసిన రంగు తెర పెట్టడమే నా పని. గీత పూర్తవగానే అది చుక్కలు చుక్కలుగా మారి చీమల బారులా కదులుతుంది. చూడ్డానికి భలే ఉంటుంది.

మొదటిరోజే ఘనకార్యం చేశాను. ఒక పెద్దాయన పాస్‌పోర్టు ఫొటో. తల, చెవులు, భుజాలు అరగంట పట్టి గీశాను. వెనకున్న నీలం తెర పోవాలని మీట నొక్కాను. తెర నిక్షేపంలా ఉంది, పెద్దాయన పోయాడు! మీట నొక్కేముందు ఎంపికని తిరగెయ్యాలట. అంటే, మనిషిని కాదు, మనిషి కానిదాన్ని పట్టుకోవాలన్నమాట. నేను మర్చిపోయాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. నీలం తెర మధ్యలో మనిషి ఆకారంలో తెల్లటి చిల్లు. ఆయన నా వెనకే నిలబడి ఉన్నాడు. "ఏమ్మా, పోయింది నేనేనా?" అన్నాడు పాపం.

చిత్రమేమిటంటే, ఆ పూట స్టూడియోకి వచ్చినవాళ్లంతా ఆ చిల్లు దగ్గర ఆగి "ఇదెవరు?" అని అడిగారు. పాస్‌పోర్టు ఫొటో వంక ఎవరైనా అంతసేపు చూస్తారా?

ముప్పై ఏళ్లుగా బట్టల ఫ్యాక్టరీ కటింగ్ హాల్లో గుడ్డ కోస్తున్నదానివి, ఏదైనా కిటుకు చెప్పు. ఉత్తరమే రాయి. కిందటిసారి ఫోను చేస్తే నువ్వు వినపడక అరిచిన అరుపులకి మా హాస్టల్లో పైవాళ్లు కిందికి దిగొచ్చారు. ఇంటికి మాత్రం రాయకు, కాలేజీ రోజుల్లోలాగే హాస్టలుకే రాయి. నీ పేరు వింటే నాన్న ఎలా గుడ్లురుముతాడో నీకు తెలుసుగా. ఎందుకో మాత్రం నాకు తెలీదు. ఎప్పుడడిగినా "తర్వాత చెప్తాలే" అంటావు.

నీ పిడుగు


కటింగ్ హాలు, భోజనాల బల్ల,
శుక్రవారం

ఒసేయ్ పిడుగా,

మొత్తానికి నువ్వూ కత్తెర పట్టావన్నమాట. మన ఇంటి ఆడవాళ్ల చేతికి అదొక్కటే రాసిపెట్టి ఉన్నట్టుంది. నా చెవుల్ని ఆడిపోసుకోకు. నువ్వు కూడా ముప్పై ఏళ్లు మిషన్ల మోతలో నిలబడు, అప్పుడు మాట్లాడదాం. ఆ చిన్న అద్దం మీద వేలితో పొడిచి పొడిచి రాయడం నా వల్ల కాదు, కాబట్టి కాగితమే.

కిటుకులు అడిగావు. రాసుకో. ఒకటి, తొందరపడి మలుపు దగ్గర చెయ్యి తిప్పకు, గుడ్డని తిప్పు. నీకు గుడ్డ లేదు కాబట్టి ఫొటోని పెద్దది చేసి చూసుకుంటూ కొంచెం కొంచెంగా పో. రెండు, మెడ దగ్గర, చంక దగ్గర తెలివి ఎక్కువ వాడాలి, వీపు దగ్గర ఎవరైనా కోస్తారు. మూడోది ముఖ్యం. గీత మీద కొయ్యకు, గీతకి అర వేలు బయట కొయ్యి. కుట్టుకి గుడ్డ వదలకపోతే చొక్కా తొడుక్కునేటప్పుడు ఏడుస్తారు. ఎక్కువైతే తీసెయ్యొచ్చు, తక్కువైతే దేవుడు కూడా అతకలేడు.

మీ అమ్మ ఎలా ఉంది? ఊరికే అడుగుతున్నాలే. చెప్పకపోయినా పరవాలేదు.

పిన్ని


స్టూడియో వెనక గది,
బుధవారం

పిన్నీ,

నీ మూడో కిటుకు నా కొంప ముంచింది. స్కూలు పిల్లల గుర్తింపు కార్డులు, నలభై ఫొటోలు. నువ్వు చెప్పినట్టే ఒక్కొక్క తల చుట్టూ కుట్టుకి వదిలాను. నలభై మంది పిల్లలకీ తల చుట్టూ నీలం అంచు! మాస్టారు చూసి, "ఏంటమ్మా ఇది, వీళ్లంతా ఎప్పుడు దేవుళ్లయ్యారు?" అన్నారు. ఫొటోలో గీతకి లోపల కొయ్యాలట. వెనకదాని రంగు వెంట్రుకవాసి కూడా మనిషితో రాకూడదట. మళ్లీ నలభై తలలూ మొదట్నించీ కోశాను. నా చెయ్యి నీ చెయ్యిలా అయింది, చూపుడువేలు వంగట్లేదు.

కానీ వచ్చేసింది పిన్నీ. ఇప్పుడు జుట్టు కూడా విడిగా తీస్తున్నాను, గాలికి ఎగిరే పోచలతో సహా. మాస్టారు అంత తేలిగ్గా మెచ్చుకోరు, నిన్న మాత్రం "ఊఁ" అన్నారు.

ఒక పెద్ద ఆర్డరొచ్చింది. గ్రూపు ఫొటో, తొమ్మిది మంది. ఒకర్ని తీసెయ్యాలి. ఇది శుభ్రంగా చేస్తే నన్ను ఖాయం చేస్తానన్నారు మాస్టారు. చాలా కష్టంగా ఉంది. ఇంకేం రాయను.

అమ్మ బాగానే ఉంది. తక్కువ మాట్లాడుతుంది.

పిడుగు


కటింగ్ హాలు, భోజనాల బల్ల,
మంగళవారం

పిడుగా,

నలభై మంది దేవుళ్ల సంగతి చదివి అన్నం మెతుకులు ముక్కులోకి పోయాయి. పక్కన కూర్చున్న మా ఇస్త్రీ ఆవిడకి చదివి వినిపిస్తే ఆవిడా పొలమారింది. సరే, ఒప్పుకుంటున్నా, నీ పని నా పనికి తిరగేత. ఇకనుంచి నేనే నీ దగ్గర నేర్చుకుంటాను.

అయినా ఆ ఆర్డరేంటే? మనిషిని తీసేయించడమేంటి? చచ్చిపోయిన మనిషా? చచ్చిపోయినవాళ్లని ఎవరూ తీసేయించరు, దండ వేయించుకుంటారు. అంటే బతికున్న మనిషే. ఎవరో పాపం, ఎవరి కళ్లలోనో నలుసైనట్టుంది. అడిగినవాడు ఎవడో గానీ, వాడికి నా తరఫున నాలుగు తగిలించు.

ఒకటి మాత్రం చెప్తా విను. మా హాల్లో కోసిన ముక్క ఏదీ పారెయ్యం. ప్రతి ముక్కకీ చిన్న కాగితం మీద నంబరు రాసి అంటిస్తాం. అది ఏ గుడ్డలోంచి వచ్చిందో, ఎక్కడికి పోవాలో ఆ నంబరు చెప్తుంది. నంబరు లేని ముక్క అనాథ. నువ్వు తీసేసే మనిషికి కూడా ఒక నంబరు వేసి దాచు. రేపు వాళ్లకి బుద్ధొచ్చి మళ్లీ కావాలంటే?

అంత కష్టంగా ఉందని రాశావు. జుట్టు కూడా వచ్చేసిందన్నావుగా, ఇంక కష్టమేంటి?

పిన్ని


స్టూడియో వెనక గది,
శనివారం

పిన్నీ,

కష్టం జుట్టు కాదు. ఆ మనిషి భుజాల మీద దారంతో అల్లిన శాలువా ఉంది. అంతా చిల్లులే. చిన్న చిన్న ఆకుల్లా అల్లిక, ఒక్కో ఆకులో ఏడు చిల్లులు, అంచున ముడులు. ఒక్కో చిల్లులోంచీ వెనక గోడ కనిపిస్తోంది. దారాన్ని మాత్రమే పట్టుకోవాలి, చిల్లుల్ని వదిలెయ్యాలి. మూడు రోజుల్నించి ఒక భుజమే అయింది. గుడ్డ తెలిసినదానివి కదా, ఇలాంటి అల్లికలో దారం ఎటునుంచి ఎటు పోతుందో చెప్పగలవా? మొదలెక్కడో తెలిస్తే ఆ దారం వెంటే పోతాను.

పిడుగు


నా గది,
సోమవారం

పిడుగా,

దారం మొదలు ఎడమ భుజం దగ్గర, మెడకి జానెడు కింద ఉంటుంది. అక్కడ ఒక ఆకులో ఏడు చిల్లులకి బదులు ఆరే ఉంటాయి, చూసుకో. ఆ రోజు కరెంటు పోయి లెక్క తప్పాను.

ఆ శాలువా ప్రపంచంలో ఒక్కటే. అల్లింది నేను.

ఆ ఫొటో మీ అమ్మమ్మ ఉన్నప్పుడు తీసింది. అందరం కలిసి తీయించుకున్నది అదొక్కటే. నువ్వు ముందు వరసలో, పన్నెండేళ్లదానివి, పళ్లు కనిపించకూడదని మూతి బిగించుకుని నిలబడ్డావు. మీ అమ్మకీ అమ్మమ్మకీ మధ్యలో నేను.

తీసెయ్యమన్నది ఎవరో నేనడగను. దాచకుండా రాస్తావో లేదో నీ ఇష్టం.

పిన్ని


స్టూడియో వెనక గది,
గురువారం

పిన్నీ,

ఏడుస్తూ రాస్తున్నాను, అక్షరాలు అటూఇటూ పోతే క్షమించు. నాన్న. ఇంకెవరు?

కొత్తగా రెడీమేడ్ బట్టల షాపు పెడుతున్నాడు. కౌంటరు వెనక గోడంతా నిండేలా మన గ్రూపు ఫొటో వేయిస్తున్నాడు. కింద పెద్ద అక్షరాలతో "ఒకే కుటుంబం, ఒకే మాట" అని రాయాలట. స్వయంగా స్టూడియోకి వచ్చాడు. మాస్టారికి ఫొటో ఇచ్చి, నట్టనడుమ ఉన్న నీ మీద వేలు పెట్టి, "ఈవిడ వద్దు. ఇక్కడ ఒక పూలకుండీ పెట్టండి" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. "నాన్నా, పిన్ని కదా" అన్నాను. "నాకు మరదలు లేదు, నీకు పిన్ని లేదు. చేస్తే చెయ్యి, లేకపోతే ఇంటి గడప తొక్కకు" అన్నాడు. మాస్టారు అప్పుడు దాన్ని నా చేతిలో పెట్టి, "ఇంటి మనిషివి, నువ్వయితే జాగ్రత్తగా చేస్తావు" అన్నారు. ఏమనాలి నేను?

అమ్మని అడిగాను. కూరలు తరుగుతూ తలెత్తకుండా "మీ నాన్న చెప్పినట్టు చెయ్యి" అంది.

చెయ్యనని చెప్పేద్దామనుకున్నాను. నేను చెయ్యకపోతే ఇంకెవరి చేతనో చేయిస్తాడు, వాడు నీ శాలువాని పరపరా కోసేస్తాడు. అది తట్టుకోలేక నేనే మొదలుపెట్టాను. నీకు చెప్పకుండా నిన్నే సలహా అడిగాను. నా అంత సిగ్గులేనిది ఉండదు. తిట్టు. కానీ ఈసారైనా చెప్పు, నువ్వేం చేశావని?

పిడుగు


నా గది,
ఆదివారం

పిడుగా,

కళ్లు తుడుచుకో. ముందు ఒక మాట. పూలకుండీయా? నా స్థానంలో పూలకుండీయా! కనీసం బీరువా పెట్టమని చెప్పు, కాస్త బరువైనా ఉంటుంది.

ఇప్పుడు విను. తండ్రి మీద కూతురికి చాడీలు చెప్పడం నాకిష్టం లేక ఇన్నేళ్లూ నోరు కట్టుకున్నాను. ఆయన పని నీ చేతికే వచ్చింది కాబట్టి ఇంక నీకు తెలియాలి. అప్పట్లో మా కటింగ్ హాలుకి మేనేజరు మీ నాన్నే. బ్లేడుకి అడ్డంగా ఒక రేకు ఉంటుంది, చేతులు పడకుండా. అది ఉంటే పని నెమ్మదిస్తోందని తీయించేశాడు. వద్దు బావా, వద్దు బావా అని నేనే మూడుసార్లు చెప్పాను. నాలుగో వారంలో గుడ్డ పరిచే అమ్మాయికి రెండు వేళ్లు పోయాయి. పందొమ్మిదేళ్ల పిల్ల. విచారణకి వచ్చినవాళ్లతో మీ నాన్న, ఆ పిల్లే రేకు తీసేసిందని చెప్పాడు. హాల్లో అందర్నీ నిలబెట్టి అడిగారు, "రేకు తీయించింది ఎవరు?" అని. అరవై మంది నేల చూశారు. నేను మీ నాన్న మొహం చూసి, ఆయనేనని చెప్పాను.

ఆయన ఉద్యోగం పోయింది. ఆ సాయంత్రమే నాకు మీ ఇంటి తలుపు మూసుకుంది. ఇది జరిగి పదకొండేళ్లు. రేపు మళ్లీ నిలబెట్టి అడిగినా అదే చెప్తాను, ఇంకొంచెం గట్టిగా చెప్తాను. చెవుడు కదా, గొంతు పెరిగింది.

మీ నాన్న మీద నాకు కోపం లేదు. ఆయనంతే. కోపమంతా మా అక్క మీద. చిన్నప్పుడు నన్నెవరైనా ఒక్క మాటంటే వాళ్ల జుట్టు పట్టుకునేది. అలాంటిది, పదకొండేళ్లలో ఒక్క కార్డుముక్క రాయలేదు. అమ్మ పోయిన రోజున కూడా గుమ్మం దగ్గర నన్ను చూసి మొహం తిప్పుకుంది. అది మాత్రం నాకు ఇప్పటికీ మండుతూనే ఉంది.

ఇక నీ సంగతి. నన్ను ఉంచమని నేను ఎవర్నీ బతిమాలను. నీ ఉద్యోగం పోగొట్టుకోమనీ అనను. తీసెయ్. నా శాలువా మాత్రం ఒక్క దారం తెగకుండా తియ్యి. నేను నేర్పిన చెయ్యికి వంక రాకూడదు.

ఒక్క విషయం మాత్రం నాకు నచ్చలేదు. కోసినట్టు ఎవరికీ తెలియకుండా కొయ్యడమే మీ పనిలో గొప్ప అని మీ మాస్టారు అంటాడేమో. మాది అలా కాదు. కత్తెర పడ్డచోట కుట్టు పడుతుంది, ఆ కుట్టు తిరగేసి చూసినవాళ్లందరికీ కనిపిస్తుంది. కొయ్యడం తప్పు కాదే. కొయ్యలేదని బొంకడం తప్పు.

పిన్ని


స్టూడియో వెనక గది,
శుక్రవారం

పిన్నీ,

షాపు తెరిచారు. కూర్చుని చదువు. నేను మాత్రం నిలబడి రాస్తున్నాను, ఎందుకో చివర్లో చెప్తా.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివి పనిలో దిగాను. ఆరు చిల్లుల ఆకు దొరికింది, అక్కణ్ణించి దారం పట్టుకుని పోయాను. పదహారు రోజులు. ఒక్క ముడి తెగలేదు. నిన్ను విడిగా తీసి దాచాను, నువ్వు చెప్పినట్టే నంబరు వేశాను. ఎడమవైపు నుంచి అయిదో మనిషివి కాబట్టి 5. ఇక మిగిలింది పూలకుండీ. మాస్టారు మంచి కుండీల ఫొటోలు కూడా తెచ్చిపెట్టారు. కుండీని నీ చోట పెట్టి చూశాను. అమ్మ చెయ్యి ఆ కుండీ వెనక్కి పోయింది. ఆ ఫొటోలో అమ్మ నీ చెయ్యి పట్టుకుని ఉంది, నీకు గుర్తుందా? కుండీ తీసేశాను. ఏమీ పెట్టలేదు.

అలాగే ప్రింటుకి పంపాను. నట్టనడుమ నీ ఆకారంలో తెల్లటి ఖాళీ. శాలువా దారాలన్నీ తెల్లగా, చిల్లుల్లోంచి గోడ. ఆకులు లెక్కపెట్టుకోవచ్చు. పాదాల దగ్గర చిన్నగా 5.

ఫ్రేము కట్టినచోటే కాగితం చుట్టి షాపుకి పంపించారు, వడ్రంగి వచ్చి గోడకి బిగించేసి పోయాడు. ఆ కాగితాన్ని నాన్న అందరి ముందూ చింపాడు. తర్వాత పక్క కొట్టు మామ్మగారు దగ్గరికెళ్లి కళ్లజోడు సర్దుకుని, "ఇక్కడున్నదెవరయ్యా?" అంది. "ప్రింటులో తప్పొచ్చింది మామ్మగారూ" అన్నాడు నాన్న, చెవులదాకా ఎర్రబడి. ఇంకొకాయన, "తప్పయితే శాలువా ఇంత చక్కగా ఎలా వస్తుందండీ?" అన్నాడు. ఇంకొకావిడ "అయిదో నంబరంటే?" అంది. అందరూ అక్కడే గుమిగూడారు. బట్టలు చూసినవాళ్లు లేరు. నాన్న నావైపు తిరిగాడు. "నేను చెప్పిందేంటి, నువ్వు చేసిందేంటి?" అన్నాడు. "తీసెయ్యమన్నావు, తీసేశాను. కుండీని పిన్ని అని మాత్రం చెప్పలేను" అన్నాను.

మామ్మగారు వదల్లేదు. "ఎవరో చెప్పండర్రా" అంది.

అప్పుడు అమ్మ కౌంటరు వెనకనుంచి లేచింది. మా అమ్మేనా అనిపించింది. "అది మా చెల్లెలు. ఉన్నదున్నట్టు చెప్పిందని తీసేశాం. తీసేసినవాళ్లలో నేనూ ఉన్నాను" అంది. గొంతు పెద్దగా లేదు. అయినా షాపు చివరిదాకా వినపడింది.

నాన్న ఆ రాత్రే ఫొటో దించమన్నాడు. వడ్రంగి గట్టిగా బిగించాడు, రాలేదు. దాని మీద కొత్త దుప్పటి ఒకటి కప్పించాడు. పొద్దున్నే అమ్మ వెళ్లి ఆ దుప్పటి తీసి, మడతపెట్టి, అమ్మకానికి అరలో పెట్టేసింది. నాన్న నాతో మాట్లాడ్డం లేదు. గడప మాత్రం తొక్కుతూనే ఉన్నాను. అమ్మే తలుపు తీస్తోంది.

మాస్టారికి నేనే నిజం చెప్పాను. ఆయన షాపుకెళ్లి ప్రింటు చూసొచ్చారు. "ఇంత శుభ్రంగా కోసింది నేను కూడా ఎప్పుడూ లేదు. కానీ ఆర్డరు ప్రకారం చెయ్యనివాళ్లకి నా స్టూడియోలో కుర్చీ లేదు" అని నా కుర్చీ తీసుకెళ్లి ముందు గదిలో వేసుకున్నారు. కంప్యూటర్ మాత్రం తియ్యలేదు. నేనూ పోలేదు. వారంనించి నిలబడే చేస్తున్నాను. ఆయన రోజూ తొంగిచూస్తారు, నేను తల తిప్పను.

నిన్ను, అంటే నీ ముక్కని, అదే కొలతలో ప్రింటు తీసి గొట్టంలో చుట్టి పంపిస్తున్నాను. నంబరు వెనకాల ఉంది.

పిడుగు


నా గది,
బుధవారం

ఒసేయ్ పిడుగా,

నిలబడు. నేను ముప్పై ఏళ్లు నిలబడే కోశాను, ఏమీ అరిగిపోలేదు. కుర్చీ ఆయనే మోసుకొచ్చి వేస్తాడు, చూస్తూండు.

గొట్టం నిన్న వచ్చింది. విప్పి మంచం మీద పరిచాను. కుడి మోచెయ్యి దగ్గర నూలుపోగంత లోపలికి పోయావు, మిగతాదంతా బాగుంది. ఊరికే అనడం కాదు, బాగుంది. చాలాసేపు చూసుకుంటూ కూర్చున్నాను. అప్పుడు నాకు నలభై ఒకటి. ఎంత పొగరుగా నిలబడ్డానే!

దాన్ని మళ్లీ చుడుతూ ఉంటే ఎవరో భుజం తట్టారు. తలుపు కొట్టి కొట్టి విసిగిపోయి లోపలికి వచ్చేసిందట. మా అక్క. బస్సులో నిలబడి వచ్చినట్టుంది, చీరంతా నలిగిపోయింది. నేను స్టవ్వు మీద టీ పెట్టాను. ఆవిడ గిన్నెలు తోమడం మొదలుపెట్టింది, నా గిన్నెలు నేను తోముకోలేనట్టు. అప్పుడు తిట్టాను. పదకొండేళ్లవీ ఒక్కసారే తిట్టాను. చెవుడు కదా, వీధంతా విన్నదట. ఆవిడ తోముతూనే "ఇంకా?" అంది. ఇంకా తిట్టాను. "ఇంకా?" అంది. తర్వాత నాకు మాటలు అయిపోయాయి, ఏడుపొచ్చింది. అప్పుడు గిన్నె పక్కన పెట్టి, తడి చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది.

రాత్రి ఇక్కడే పడుకుంది. పొద్దున్న లేచి నా బొమ్మని పట్టుకుని గదంతా తిరిగింది. "దీన్ని ఎక్కడ పెడదామే? నీకు ఇంత గోడ లేదు" అంది. నేను బొమ్మ తిరగేసి చూపించాను. "చదువుకున్నదానివేగా. నంబరు చూడు" అన్నాను.

చూసింది. పదకొండేళ్ల తర్వాత మా అక్క నవ్వింది.

ఆదివారం పొద్దున పది గంటలకి, షాపు నిండా జనం ఉన్నప్పుడు, ఇద్దరం వస్తున్నాం. జిగురు డబ్బా నువ్వు పట్టుకురా.

పిన్ని